ఈథ్‌టూల్‌తో సర్వర్ నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు చదవడం ఎలా?

ఈథ్‌టూల్ (ethtool) అంటే నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు చూసే, మార్చే లైనక్స్ కమాండ్. లైనక్స్ సర్వర్, సూడో అనుమతి (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపే వీలు), ఈథ్‌టూల్ ప్యాకేజీ ఉంటే చాలు. ఐపీ లింక్ (ip link) కమాండ్‌తో కార్డు పేరు చూసుకోండి. ఇక్కడ ఈనో1 (eno1) అనుకుందాం.

ముందుగా ఈథ్‌టూల్ అని కొట్టి, పక్కన కార్డు పేరు ఇవ్వండి. స్పీడ్ (సెకనుకు మెగాబిట్లలో వేగం), డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయా అన్నది), లింక్ డిటెక్టెడ్ (అవతలి వైపుతో లింక్ కలిసిందా అన్నది) వరుసలు కనిపిస్తాయి. స్పీడ్ 1000 ఉండాల్సిన చోట 100 కనబడగానే డ్రైవర్ మీద పడకండి, ముందు కేబుల్ మార్చండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని 4 జతల తీగలూ పనిచేయాలి, 100 మెగాబిట్‌కు 2 జతలు చాలు. ఒక జత పాడైతే చాలా కార్డులు కిక్కురుమనకుండా 100కి దిగిపోతాయి. లింక్ పార్ట్‌నర్ అని మొదలయ్యే వరుసలు స్విచ్ వైపు ఏముందో చెబుతాయి, వాటినీ వదలొద్దు.

అసలు జాగ్రత్త ఈథ్‌టూల్ పక్కన, కార్డు పేరుకు ముందు ఇచ్చే అక్షరాల దగ్గర. హైఫన్ స్మాల్ జీ (-g) రింగ్ బఫర్ (ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, వరుసలో వేచి ఉండే జాగా) సైజు చూపిస్తుంది, క్యాపిటల్ జీ దాన్ని మారుస్తుంది. స్మాల్ కే ఆఫ్‌లోడ్ (ప్రాసెసర్ పనిని కార్డుకు అప్పగించే) సెట్టింగులు చూపిస్తుంది, క్యాపిటల్ కే మారుస్తుంది. ఇది చూసి స్మాల్ అంటే చదవడం, క్యాపిటల్ అంటే మార్చడం అని బట్టీ పట్టేస్తారు. ఎస్ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది! ప్యాకెట్లు, లోపాల గణాంకాలు చూపించేది క్యాపిటల్ ఎస్, స్పీడ్ మార్చేది స్మాల్ ఎస్. స్మాల్ ఆర్ కొడితే నెగోషియేషన్ (కార్డు, స్విచ్ వేగం కుదుర్చుకోవడం) మళ్ళీ మొదలై లింక్ కాసేపు పడిపోతుంది. స్మాల్ టీ ఇంకా ప్రమాదం. పక్కన ఏమీ రాయకపోతే అది ఆఫ్‌లైన్ పరీక్ష నడుపుతుంది, అప్పుడు ట్రాఫిక్ ఆగిపోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి లాగిన్ అయి) కూర్చుని నడుస్తున్న సర్వర్ మీద ఈ రెండూ ఎప్పుడూ కొట్టొద్దు. ఎంటర్ నొక్కే ముందు అక్షరాన్ని పైకి చదువుకోండి. ఎక్కడి నుంచో కాపీ చేసి అతికించడం మానేసి చేత్తో టైప్ చేయండి.

స్మాల్ జీ ఫలితం చదవడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. పైన ప్రీ సెట్ మాగ్జిమమ్స్ కింద ఆర్‌ఎక్స్ (RX, అందుకునే వైపు) 4096 అని ఉంటే, బఫర్ పెద్దదే కదా అని అక్కడే ఆగిపోతారు. అది కార్డు మోయగలిగిన గరిష్ఠం. ఇప్పుడు మోస్తున్నది కింద కరెంట్ హార్డ్‌వేర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, చాలాసార్లు 256 లేదా 512. ప్యాకెట్లు రాలిపోతున్నాయని వచ్చినవాళ్ళకు నేను మొదట చూపించేది ఆ కింది భాగమే. స్మాల్ కే ఫలితంలో ఫిక్స్‌డ్ అని ఉన్న వరుసల జోలికి పోవద్దు, అవి మారవు.

కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఈథ్‌టూల్‌తో చేసిన మార్పు రీబూట్ దాకా కార్డులో ఉంటుంది, ఫైలుకు ఆ సంగతే తెలియదు. అందుకే కార్డునే అడగాలి.

నలభై నోడ్లున్న క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు; ఒక్కో సర్వర్ ఒక నోడ్) అయితే ఒక్కొక్కదానిలో లాగిన్ కావద్దు. ఒకే కమాండ్‌ను చాలా సర్వర్ల మీద నడిపే పీడీఎస్‌హెచ్‌తో (pdsh) అన్నిటి మీదా ఒకేసారి నడిపి, ఫలితాన్ని పైపు (|) ద్వారా దాన్ని సర్దిపెట్టే డీఎస్‌హెచ్‌బ్యాక్‌కు (dshbak) పంపి, దానికి హైఫన్ స్మాల్ సీ (-c) ఇవ్వండి. ఒకేలా ఉన్న ఫలితాలన్నీ ఒక గుంపుగా వస్తాయి, తేడా ఉన్న నోడ్ విడిగా నిలబడుతుంది. ఆ ఫలితాన్ని తేదీ పేరుతో ఫైలులో దాచండి.