పాత ఫైలు చదవడం – 4వ పాఠం: ‘ట’ ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో తేదీలు వరుసలో పెట్టుకున్నాం. ఈసారి నిఘా ఫైలు. తేదీ, సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి కాబట్టి అందులో ప్రతి ముక్కా నిజమనిపిస్తుంది. బోల్తా పడేది అక్కడే.

సాధనకు ఇంగా అర్వాడ్‌ను తీసుకుందాం. డెన్మార్క్ విలేకరి, 1913లో పుట్టింది. 1935లో కోపెన్‌హేగెన్ పత్రిక తరఫున బెర్లిన్‌లో హిట్లర్‌ను ఇంటర్వ్యూ చేసింది. 1940లో అమెరికా చేరి, కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివి, వాషింగ్టన్ టైమ్స్-హెరాల్డ్‌లో కాలమిస్టు అయింది. అక్కడే పనిచేసే కాథ్లీన్ కెనడీ ద్వారా ఆమె అన్న జాన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెనడీ) పరిచయమయ్యాడు, ఇద్దరూ ప్రేమలో పడ్డారు. అప్పుడతను నౌకాదళ నిఘా విభాగంలో చిన్న అధికారి. ఇంగాకేమో భర్త ఉన్నాడు, దర్శకుడు పాల్ ఫెజోస్. 1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఇక అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఊరుకుంటుందా?

నోట్‌బుక్ తీయండి. ఫైలు ఇంగ్లీషులో ఉన్నా నోట్సు తెలుగులోనే రాయమంటాను. చేసింది, చేసిందట, చేసి ఉంటుంది: మన క్రియ ఏదో ఒక తోక తగిలించుకోక తప్పదు. ఏది తగిలించాలో తేల్చుకోవడమే ఈ పాఠం.

‘ఇంటర్వ్యూ చేసింది.’ అచ్చయింది, కాబట్టి ‘ట’ అక్కర్లేదు.

‘హిట్లర్‌తో ఆమె ఫొటో ఉంది.’ ఈ కబురు ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది ఆమె సహోద్యోగి ద్వారా. ఆ సహోద్యోగి ఫొటో చూసిందా? లేదు, చూశామన్నవాళ్ల మాట విన్నది. కాబట్టి ‘ఉందట’ కూడా చాలదు. ‘ఉందని ఎవరో చెప్పారట’ అని రాయాలి. అలాగని ‘ట’ అంటే అబద్ధం అనుకోకండి, కొత్తలో నేనూ అలాగే కొట్టిపారేసేవాణ్ని. ఫొటో సంగతి ఎలా ఉన్నా, హిట్లర్‌ను కలిసిన మాట నిజమే కదా.

‘గూఢచారి అయి ఉంటుంది.’ ఇది ఊహ. పక్కనే ఎవరి ఊహో రాయండి.

ఇప్పుడు తిరకాసు. 1942 జనవరిలో జాన్ కెనడీని దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌కు బదిలీ చేశారు. ఫిబ్రవరిలో ఇంగా అక్కడికి వెళ్లింది. ఫోర్ట్ సమ్టర్ హోటల్ గదిలో ఎఫ్‌బీఐ మైకు పెట్టింది. చెవులారా విన్నది కాబట్టి ‘ట’ లేదు. కానీ విన్నదేమిటి? ప్రేమికుల మాటలు. సాక్ష్యం గట్టిదే, అది రుజువు చేసింది ప్రేమను, గూఢచర్యాన్ని కాదు. అందుకే పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ‘ఎవరు చెప్పారు’, కుడివైపు ‘దీంతో ఏం తేలింది’ అని రాసుకోండి. ఇంగా ఫైల్లో ఎడమవైపు నిండుతుంది. కుడివైపు గూఢచర్యం గురించి ఒక్క ముక్కా పడదు, ఎందుకంటే ఎఫ్‌బీఐకి ఆధారమే దొరకలేదు.

1942 మేలో ఆమెపై ప్రత్యేకంగా కన్నేసి ఉంచమని ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌కు రాసింది సాక్షాత్తు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. సంతకం ఎంత పెద్దదైనా ‘ట’ చెరిగిపోదు.

అభ్యాసం: 1942 జనవరి 12న గాసిప్ కాలమిస్టు వాల్టర్ వించెల్ తన కాలమ్‌లో వేసిన కబురు సారాంశం ఇది. మాజీ రాయబారి కెనడీ (జాన్ తండ్రి) కొడుకుల్లో ఒకరిపై వాషింగ్టన్ కాలమిస్టు మనసుపడింది. విడాకుల కోసం వకీలును సంప్రదించింది. తండ్రికి ఇది నచ్చలేదు.

మూడు వాక్యాలకూ తోకలు సరిచేయండి. మూడోదాని దగ్గర కాస్త ఆగండి, తండ్రి మనసులో మాట వించెల్‌కు ఎవరు చేరవేసి ఉంటారు? వచ్చే పాఠంలో నల్లసిరా పూసి దాచిన పంక్తులు చూద్దాం.