ఆమ్‌స్టర్‌డామ్‌లో చవక హోటల్ తీసుకునే ముందు

తులిప్ పూలు చూడాలని ఆమ్‌స్టర్‌డామ్ బయలుదేరేవాళ్ళు జనవరి నుంచే హోటళ్ళు వెతకడం మొదలుపెడతారు. క్యూకెన్‌హోఫ్ పూలతోట తెరిచి ఉండేది మార్చి మధ్య నుంచి మే మధ్య వరకే. దానికి తోడు ఏప్రిల్ 27న నెదర్లాండ్స్ రాజుగారి పుట్టినరోజు పండుగ వస్తుంది. ఆ తేదీ ఆదివారమైతే ముందురోజే జరుపుతారు. ఊరంతా నారింజ రంగు బట్టలతో వీధుల్లోకి వచ్చే ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, దొరికితే ధర మండిపోతుంది. ఆ తొందరలో మనం ధర ఒక్కటే చూసి డబ్బు కట్టేస్తాం. అందరికీ నేను చెప్పేది ఒకటే. గది ఎంత అని అడిగే ముందు, గదికి ఎన్ని మెట్లు అని అడగండి.

నేను అడగలేదు. రెండేళ్ళ క్రితం అమ్మను తీసుకుని వెళ్ళాను. కాలువ ఒడ్డున అందమైన పాత ఇల్లు, ఫోటోలో కిటికీ నిండా పూలు. తలుపు తీయగానే ఎదురుగా మెట్లు. మెట్లు అనడం కూడా మర్యాదకే, నిచ్చెనకూ వాటికీ పెద్ద తేడా లేదు. ఒక్కో మెట్టు మీద పాదంలో సగమే పడుతుంది. పట్టుకోవడానికి గోడ వెంట బిగించిన లావుపాటి తాడు, అంతే. మా గది మూడో అంతస్తు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేతిని పై మెట్టు మీద ఆనించి, దాదాపు పాకుతూ ఎక్కింది. పైకి చేరి మంచం మీద కూర్చుని, ఆయాసం తగ్గాక అడిగింది: "ఎక్కడమంటే ఎక్కానమ్మా, రేపు దిగేదెలా?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని అంత దూరం తీసుకెళ్ళి, మూడు రోజులు రోజుకు ఒక్కసారే గది నుంచి కిందికి దింపాను.

అక్కడి పాత ఇళ్ళ తీరే అంత. నగరం చుట్టూ ఉంగరాల్లా తిరిగే కాలువలు 17వ శతాబ్దంలో తవ్వినవి. 2010లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి ఒడ్డున ఇళ్ళు ముఖం సన్నగా, లోపలికి పొడుగ్గా, నిలువుగా లేచి ఉంటాయి. తలెత్తి చూస్తే దాదాపు ప్రతి ఇంటి కొప్పు దగ్గరా బయటికి పొడుచుకొచ్చిన దూలం, దానికి ఇనుప కొక్కెం కనిపిస్తాయి. బీరువాలు, మంచాలు మెట్ల మీద మలుపు తిరగవు కాబట్టి ఆ కొక్కేనికి తాడు వేసి కిటికీ గుండా లాగేవారు. ఇప్పటికీ లాగుతారు. ఇల్లు కట్టుకున్నవాళ్ళే తమ సామాను ఆ మెట్ల మీదుగా తేలేకపోయారంటే, మన ఇరవై మూడు కిలోల పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. అవి రక్షిత కట్టడాలు కావడంతో లోపల లిఫ్టు పెట్టడం కూడా అంత సులువు కాదు.

అందుకని డబ్బు కట్టకముందే హోటల్‌కు ఈ ప్రశ్నలు రాసి పంపండి: లిఫ్టు ఉందా? ఉంటే వీధి మట్టం నుంచే ఉందా, లేక కొన్ని మెట్లు ఎక్కాక మొదలవుతుందా? నా గది ఏ అంతస్తులో ఉంటుంది? పెద్దవాళ్ళున్నారు, కింది గది ఇవ్వగలరా? జవాబు రాతలో తెప్పించుకోండి, ఫోనులో చెప్పిన మాట దిగే రోజు గుర్తుండదు. అంతకుముందు దిగినవాళ్ళ అభిప్రాయాల్లో మెట్ల గురించిన మాటలు వెతికి చదవండి. అవి ఒక్క నిమిషంలో దొరుకుతాయి. నేను ఆ ఒక్క నిమిషం పెట్టి ఉంటే అమ్మకు ఆ కష్టం తప్పేది.

ఒకవేళ అలాంటి చోటే దిగాల్సి వస్తే, పెద్ద పెట్టె తీసుకెళ్ళకండి. మనిషికొక మెత్తటి సంచి, భుజానికి తగిలించుకునేది చాలు. పెద్ద పెట్టె తప్పదంటే సెంట్రల్ స్టేషన్‌లో సామాను పెట్టుకునే లాకర్లున్నాయి, వాటికి డబ్బు కార్డుతోనే కట్టాలి. దిగేటప్పుడు మెట్లకు ఎదురుగా తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగండి. ముందు ఒకరు దిగి కింద నిలబడాలి. సాక్సులతో మాత్రం దిగవద్దు, పాత చెక్క నున్నగా అరిగిపోయి జారుతుంది.

ఇక డబ్బు లెక్క. చూపించిన ధరే కట్టే ధర అనుకోవద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పర్యాటక పన్ను 2024 నుంచి గది ధరలో 12.5 శాతం. వ్యాట్ 2026 జనవరి 1 నుంచి 9 శాతం కాదు, 21 శాతం. అంటే పన్నులు లేకుండా 100 యూరోల గదికి చివరికి పడేది 133 యూరోల 50 సెంట్లు. వెబ్‌సైట్లలో వ్యాట్ సాధారణంగా కలిపే ఉంటుంది. పర్యాటక పన్నును మాత్రం చాలా చోట్ల హోటల్లో దిగాక విడిగా అడుగుతారు. 2026కు ముందు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన ధరలతో బడ్జెట్ వేసుకోకండి.

వీసా కోసం గది బుక్ చేసేవాళ్ళు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోవాలి. రద్దుకు ఆఖరు తేదీ, వీసా చేతికొచ్చే తేదీ తర్వాత ఉండేట్టు చూసుకోండి. చాలామంది నష్టపోయేది ఇక్కడే. నెదర్లాండ్స్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి. దాన్ని దస్త్రాల కోసమే అనుకోకుండా, ఆసుపత్రి అవసరం వస్తే ఫోను చేయాల్సిన నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

బుక్ చేశాక మరో ప్రమాదం ఉంది. హోటల్ పేరుతో సందేశం వస్తుంది: మీ కార్డు ధ్రువీకరణ కాలేదు, ఈ లింకు నొక్కి వివరాలు ఇవ్వండి, లేకపోతే పన్నెండు గంటల్లో బుకింగ్ రద్దు. అందులో మీ పేరు సరిగ్గా ఉంటుంది, తేదీలు సరిగ్గా ఉంటాయి, ఒక్కోసారి మీరు బుక్ చేసిన చోటి సందేశాల పెట్టెలోకే వస్తుంది. హోటల్ ఖాతాలోకి దొంగలు చొరబడితే ఇలా జరుగుతుంది. మా పిన్ని గారబ్బాయి అలా కార్డు వివరాలు ఇచ్చేసి నలభై వేల రూపాయలు పోగొట్టుకున్నాడు. లింకు నొక్కకండి. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోను చేసి అడగండి.

ప్రైవేటు ఇళ్ళలో గది చవకగా దొరికితే, ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ఇంటిని పర్యాటకులకు అద్దెకివ్వాలంటే అక్కడ నగరపాలక సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. నంబరు లేని ఇల్లు ఎంత చవకైనా వదిలేయండి. తనిఖీ జరిగితే పెట్టెలతో వీధిలో నిలబడాల్సింది మీరే.

ఊరి నడిబొడ్డునే ఉండాలన్న పట్టుదల లేకపోతే సగం సమస్యలు తీరతాయి. స్లోటర్‌డైక్, జాండామ్, హార్లెమ్ నుంచి సెంట్రల్ స్టేషన్‌కు రైలులో పావుగంట లోపు, లేదా అటూఇటుగా. స్టేషన్ వెనక నుంచి ఐ అనే నీటిపాయ దాటి ఉత్తరపు ఒడ్డుకు పోయే పడవలకు టికెట్టే లేదు. అటువైపు కొత్త భవనాలు ఎక్కువ, లిఫ్టులుంటాయి. పక్క ఊరు ఆమ్‌స్టెల్‌వీన్‌లో మన ఐటీ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి కందిపప్పు, ఇడ్లీ రవ్వ అమ్మే దుకాణాలు కూడా దొరుకుతాయి. కుటుంబంతో వెళ్తే నేనైతే ఇప్పుడు ఊరి బయటే తీసుకుంటాను. నడిబొడ్డునే కావాలంటే లైట్సెప్లైన్, రెంబ్రాంట్‌ప్లైన్ కూడళ్ళ పక్కన వద్దు, తెల్లవారుజాము దాకా అక్కడి బార్ల గోల ఆగదు. పాత చెక్క అంతస్తుల్లో పై గది వాళ్ళ అడుగుల చప్పుడు కూడా వినిపిస్తుంది. చెవుల్లో పెట్టుకునే దూది బిళ్ళలు తీసుకెళ్ళండి.

చిన్న హోటళ్ళలో రాత్రి రిసెప్షన్ ఉండకపోవచ్చు. విమానం ఆలస్యమైతే తలుపు ఎవరు తీస్తారో, కోడ్ ఎలా పంపుతారో ముందే తెలుసుకోండి. గదిలో అడుగుపెట్టగానే మంచం మీద వాలకుండా పరుపు అంచులెత్తి కుట్ల దగ్గర చూడండి. నల్లటి చుక్కలుంటే అవి నల్లుల గుర్తులు, వెంటనే గది మార్చమనండి. ఆ తర్వాత తలుపు తీసి బయటికి దారి చూసుకోండి. "నోడ్‌ఔట్‌గాంగ్" అంటే అత్యవసర ద్వారం. ఒకే ఇరుకు మెట్ల దారి ఉన్న ఇంట్లో నిప్పు అంటుకుంటే ఎటు పోవాలో మెలకువలోనే తెలిసి ఉండాలి. ఇదే కారణంతో గదిలో కుక్కర్ పెట్టకండి. మన వాళ్ళు చిన్న రైస్ కుక్కర్ సంచిలో పెట్టుకెళ్తారని నాకు తెలుసు. ఆవిరికి పొగ అలారం మోగితే హోటలంతా వీధిలోకి రావాలి, జరిమానా మీకు పడుతుంది. వేసవిలో వెళ్తే చవక గదుల్లో ఏసీ ఉండదని గుర్తుంచుకోండి. 2019 జూలైలో ఆ దేశంలో 40 డిగ్రీలు దాటింది. అటక గదులు కొలిమిలా కాగుతాయి. కిటికీ తెరిస్తే కాలువ దోమలు వస్తాయి, పైగా చాలా కిటికీలకు ఊచలుండవు. పిల్లలుంటే మంచం కిటికీ పక్క నుంచి జరపండి.

పిల్లల మాట వచ్చింది కాబట్టి నీళ్ళ దగ్గర జాగ్రత్త గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఆ ఊరిలో కాలువ గట్లకు చాలా చోట్ల గోడ గాని, కంచె గాని లేదు. కార్లు జారిపడకుండా మోకాలి ఎత్తు కూడా లేని ఇనుప కమ్మీ ఉంటే ఉంటుంది. పేవ్‌మెంటు అయిపోయిన చోట నీళ్ళు మొదలవుతాయి. అక్కడి పిల్లలు చిన్నప్పుడే ఈత పరీక్ష ప్యాసవుతారు, అందులో బట్టలు, బూట్లు వేసుకుని ఈదడం కూడా ఉంటుంది. అనుకోకుండా కాలువలో పడితే బయటపడటానికే ఆ నేర్పు. మన పిల్లలకు ఆ నేర్పు లేదు. హోటల్ గుమ్మం దాటగానే చెయ్యి పట్టుకోండి, ఫోటో కోసం గట్టు అంచున నిలబెట్టకండి. పడవ ఇళ్ళలో చవక గదులు దొరుకుతాయి, చూడముచ్చటగా కూడా ఉంటాయి. ఐదేళ్ళ లోపు పిల్లలుంటే మాత్రం వాటి జోలికి పోవద్దు. రాత్రిపూట తాగిన మత్తులో గట్టున మూత్రానికి నిలబడి నీళ్ళలో పడి చనిపోయినవాళ్ళు ఆ ఊరిలో ఉన్నారు. స్నేహితులతో వెళ్ళే కుర్రాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి.

వీధిలో ఎర్రటి దారి సైకిళ్ళది. అటూ ఇటూ చూడకుండా దాని మీద నిలబడితే గుద్దేస్తారు, తప్పు మనదే అవుతుంది. "కాఫీషాప్" అని బోర్డు ఉన్న చోట కాఫీ కోసం వెళ్ళకండి, అది గంజాయి అమ్మే దుకాణం. కాఫీ కావాలంటే "కేఫే" లేదా "కాఫీహౌస్" అని రాసి ఉన్నచోటికి వెళ్ళాలి. వీధిలో ఎవరైనా మత్తుపదార్థం అమ్మజూపితే ఆగకండి. 2014లో కొకైన్ అని చెప్పి తెల్ల హెరాయిన్ అమ్మితే పర్యాటకులు చనిపోయారు, నగరపాలక సంస్థ వీధుల్లో హెచ్చరిక బోర్డులు పెట్టింది. ఎర్రదీపాల వాడలో (రెడ్ లైట్ ఏరియా) కిటికీల వెనక ఉన్న ఆడవాళ్ళను ఫోటో తీయకండి.

స్కిపోల్ విమానాశ్రయం నుంచి వచ్చే రైల్లో ఒకరు కిటికీ తట్టి ఏదో అడుగుతారు, మీరు అటు తిరగగానే మరొకరు బ్యాగు లాగేస్తారు. పాస్‌పోర్టు ఉన్న సంచి ఒళ్ళో ఉండాలి, పై అరలో కాదు. ట్రామ్‌లో ఎక్కేటప్పుడు కార్డు తాకించినట్టే దిగేటప్పుడూ తాకించాలి, మరిచిపోతే ఎక్కువ డబ్బు పోతుంది. చాలా దుకాణాల్లో నోట్లు తీసుకోరు కాబట్టి రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, విడివిడి జేబుల్లో పెట్టుకోండి.

తిండి సంగతి. ఆవకాయ, పొడులు తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్ళు తీసుకెళ్ళకూడదు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికుల సామానులో పాల పదార్థాలు, మాంసం నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. అమ్మ దిగులంతా అన్నం గురించే. ఆమె ఆకలి తీర్చింది సురినామ్ వాళ్ళ రొట్టె దుకాణం. సురినామ్ దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస. 1873లో కలకత్తా నుంచి ఓడలో సురినామ్ చెరకు తోటలకు కూలికి వెళ్ళిన భోజ్‌పురీ వాళ్ళ వారసులు, ఆ దేశానికి 1975లో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో పెద్ద సంఖ్యలో నెదర్లాండ్స్ చేరారు. వేడి రొట్టె, పసుపు వేసిన బంగాళాదుంప కూర, అలసంద కాయల వేపుడు. మాంసం, గుడ్డు వద్దని ముందే చెప్పాలి. అమ్మ మొదటి ముద్ద తిని, "మన కూరే కదా" అంది.

హోటల్ పేరు, చిరునామా ఒక కాగితం మీద రాసి అందరి జేబుల్లో పెట్టండి, ఫోను ఛార్జింగ్‌ను ఎప్పుడూ నమ్ముకోలేం. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం అన్నిటికీ 112. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకోండి. భారత రాయబార కార్యాలయం ఆమ్‌స్టర్‌డామ్‌లో లేదు, ది హేగ్‌లో ఉంది. రైలులో సుమారు గంట. స్టేషన్ బోర్డుల మీద ఆ ఊరి పేరు "డెన్ హాగ్" అని ఉంటుంది.