బ్రిటన్ బడ్జెట్‌ను చదవడం ఎలా?

ఆర్థిక మంత్రి ప్రసంగంతో మొదలుపెట్టకండి. అదే రోజు వెలువడే ఓబీఆర్ (ప్రభుత్వ లెక్కలపై స్వతంత్రంగా అంచనా వేసే సంస్థ) నివేదిక తెరిచి, ‘హెడ్‌రూమ్’ అంకె వెతకండి. రోజువారీ ఖర్చును పన్నులు, ఇతర రాబడితోనే భరించాలన్న నియమం పాటించాక ప్రభుత్వానికి మిగిలే వెసులుబాటు అది. 2024 అక్టోబరులో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఉంచుకున్నది 990 కోట్ల పౌండ్లు. ఏటా లక్ష కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టే ప్రభుత్వానికి ఇది మరీ తక్కువ. అప్పులపై వడ్డీ పెరిగి, వృద్ధి మందగించేసరికి ఆర్నెల్లు తిరక్కముందే అది ఆవిరైంది. దాంతో 2025 మార్చిలో సంక్షేమ ఖర్చుకు కోతలు ప్రకటించారు.

తర్వాత 10, 30 ఏళ్ల ప్రభుత్వ బాండ్ల వడ్డీ చూడండి. 2022 సెప్టెంబరు 23న అప్పటి ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఓబీఆర్ అంచనా లేకుండానే సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. బాండ్ల ధరలు కూలాయి, అంటే వాటిపై వడ్డీ ఎగబాకింది. బాండ్లతో ముడిపడిన తమ ఒప్పందాలకు అదనపు పూచీ సొమ్ము కట్టడానికి పెన్షన్ ఫండ్లు ఆ బాండ్లనే అమ్మడంతో ధరలు ఇంకా పడ్డాయి. ఐదు రోజులకే కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ బాండ్ల కొనుగోళ్లకు దిగాల్సి వచ్చింది.

పన్ను రేటు మారలేదని ఊరుకోవద్దు, పరిమితులు చూడండి. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయంపై పన్ను లేదు; ఈ మినహాయింపు 2021 నుంచి కదల్లేదు. జీతాలు పెరిగితే, రేటు మారకున్నా పన్ను పెరుగుతుంది. లండన్‌లో ఐటీ కొలువు చేసే తెలుగువారికి ఇది నేరుగా తగులుతుంది: 50,270 పౌండ్లు దాటిన ఆదాయంపై పన్ను 40 శాతం. లక్ష దాటితే, పైనున్న ప్రతి 2 పౌండ్లకు 1 చొప్పున ఆ మినహాయింపే తగ్గిపోతుంది.