మెయిల్ అడ్రస్ కనిపించాలి, బాట్‌కు చిక్కకూడదు

వెబ్‌పేజీలో మెయిల్ అడ్రస్ పెడితే కొన్నాళ్లకే ఇన్‌బాక్స్ స్పామ్‌తో నిండిపోతుంది. అడ్రస్‌లు ఏరుకునే బాట్‌లు (వాటంతటవే పేజీలు చదివే ప్రోగ్రాములు) చాలావరకు పేజీ సోర్సులో @ కోసమే వెతుకుతాయి. దాని బదులు దాని హెచ్‌టీఎంఎల్ కోడ్ @ రాసినా చాలదు, విప్పడం వాటికి చిటికెలో పని.

@ తర్వాత, డొమైన్ పేరుకు ముందు, ఒక స్పాన్ (span) ట్యాగ్ పెట్టి అందులో ఇంగ్లిష్ అక్షరాలతో ఏదో ఉత్తుత్తి మాట, దాని చివర చుక్క రాయండి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఆ స్పాన్‌కు display: none ఇవ్వండి, అప్పుడది తెరపై కనిపించదు. మనుషులకు సరైన అడ్రసే కనిపిస్తుంది, కాపీ అయ్యేదీ అదే. ట్యాగులు తీసేసి చదివే బాట్‌కు దొరికేది లేని సబ్‌డొమైన్ (డొమైన్ పేరుకు ముందు చుక్కతో చేరే ఉపపేరు) ఉన్న అడ్రస్. ఆ చుక్క మరిచిపోతే మాత్రం ఉత్తుత్తి మాట డొమైన్ పేరుతో కలిసిపోయి, అది ఇంకొకరి డొమైన్ కావచ్చు.

నొక్కగానే మెయిల్ రాయడానికి తెరుచుకునే మెయిల్‌టు (mailto) లింకు కలపకండి, అందులో అడ్రస్ మొత్తం బయటపడుతుంది. బ్రౌజర్‌లాగే పేజీని తెరిచి చదివే బాట్ ముందు ఈ పద్ధతి పారదు.