దొంగలు పడిన లోకో: స్టార్ట్ బటన్ నొక్కేముందు చూడాల్సినవి

పక్కన పెట్టిన డీజిల్-ఎలక్ట్రిక్ లోకోలో దొంగలు పడ్డారంటే అందరూ ముందు చేసేది పోయినవాటి లిస్టు రాయడం. హారన్ పోయింది, బెల్లు పోయింది, కేబుళ్ళు పోయాయి, నంబర్ ప్లేటు కూడా ఊడబీక్కుపోయారు. రాయండి, ఏదీ ముట్టుకోకముందే ఫోటోలు తీయండి, పోలీసులకీ ఇన్సూరెన్సుకీ అవి కావాలి. గొడవంతా ఆ తర్వాతే. లిస్టులో ఉన్నవన్నీ తెప్పించి, బిగించి, ఇంక అయిపోయిందని స్టార్ట్ కొట్టేస్తారు. దొంగతనంలో పోయిన సామాను కన్నా ఆ ఒక్క నొక్కుడుకి పోయే సామాను ఖరీదెక్కువ.

హ్యాండ్ బ్రేకు, చక్రాలకి అడ్డు పెట్టడం, నైఫ్ స్విచ్ (బ్యాటరీ కరెంటుని మొత్తంగా కలిపే, తెంచే పెద్ద స్విచ్) ఎక్కడుంటుంది లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నా.

అసలు కరెంటే లేదు

నైఫ్ స్విచ్ వేశారా? నవ్వకండి. లోకోని పక్కన పెట్టేటప్పుడు దాన్ని తీసేసే పెడతారు, అది వేసి చూడకుండానే కొత్త బ్యాటరీలకి ఆర్డర్ పెట్టినవాళ్ళున్నారు. అది వేసినా చలనం లేకపోతే బ్యాటరీ పెట్టె మూత తెరవండి (దగ్గర్లో నిప్పు, సిగరెట్టు వద్దు, అక్కడ హైడ్రోజన్ ఉంటుంది). చాలా లోకోల్లో ఉండేది 64 వోల్టుల బ్యాటరీ, అంటే 32 సెల్స్. అంత బరువు మొయ్యలేక సెల్స్ వదిలేసి, వాటిని కలిపే లింకులు మాత్రం పీక్కుని మూత మళ్ళీ వేసి పోయే దొంగలుంటారు. బయటి నుంచి చూస్తే పెట్టె ముట్టుకోనట్టే ఉంటుంది. లింకులన్నీ ఉంటే ఒక్కో సెల్ మీద మీటర్ పెట్టి చూడండి, 2 వోల్టుల దగ్గర లేనిదే దోషి. పోయిన లింకు బదులు చేతికందిన సన్న వైరు కట్టొద్దు, క్రాంకింగ్ (స్టార్టర్ ఇంజిన్ని తిప్పడం) అప్పుడు వందల ఆంపియర్లు దాంట్లోంచే పోవాలి.

లైట్లు వెలుగుతున్నాయి, ఇంజిన్ తిరగట్లేదు

స్టార్టింగ్ ఫ్యూజు దాని చోట ఉందా చూడండి, తర్వాత స్టార్టర్‌కి వెళ్ళే కేబుల్‌ని మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడుముతూ వెళ్ళండి. చివర్లు రెండూ బోల్టులకి అలాగే ఉంచి మధ్యలో ముక్క కోసుకుపోవడం మామూలే. ఇవి రెండూ బాగుండి, బటన్ నొక్కగానే దడేల్‌మని ఒక చప్పుడు చేసి ఆగిపోతే మాత్రం రెండోసారి నొక్కకండి, కింద నీళ్ళ గురించి రాసింది చదవండి.

తిరుగుతోంది, అంటుకోవట్లేదు

ముందు ఎమర్జెన్సీ ఫ్యూయల్ కటాఫ్ (ఇంజిన్‌కి డీజిల్ ఆపేసేది) చూడండి. లోకోకి రెండు పక్కలా ఫ్యూయల్ ట్యాంకు దగ్గర ఒక్కోటి, క్యాబ్‌లో ఒకటి. ఆకతాయి పిల్లలు ఎక్కితే ముందు లాగేది దాన్నే. ఓవర్‌స్పీడ్ ట్రిప్ లివర్ (ఇంజిన్ వేగం మితిమీరితే ఆపేసేది) పడిపోయి ఉందేమో, ఇంజిన్ మీది లో-వాటర్ బటన్ (కూలింగ్ నీళ్ళు తగ్గితే ఇంజిన్ని ఆపేసేది) బయటికి వచ్చి ఉందేమో కూడా పనిలో పనిగా చూడండి. ఇవన్నీ కలిపి ఐదు నిమిషాల పని, అయినా ముందు ఇంజెక్టర్లు విప్పి కూర్చుంటారు. తర్వాత ట్యాంకులో డీజిల్ ఉందో లేదో గేజిని నమ్మకుండా చూడండి, డ్రెయిన్ ప్లగ్ విప్పి పట్టుకుపోయి ఉండొచ్చు. ట్యాంకులో చక్కెర పోశారేమోనని కొందరికి టెన్షన్. చక్కెర డీజిల్‌లో కరగదు, అడుగున కూర్చుంటుంది, మహా అయితే ఫిల్టర్ మూసుకుపోతుంది.

దడేల్‌మని ఆగింది, లేదా చేత్తో కూడా తిరగట్లేదు, లేదా ఆయిల్ తెల్లబడింది

చూడటానికి మూడు వేరువేరు జబ్బుల్లా ఉన్నా దొంగలు పడిన లోకోలో నేను ముందు అనుమానించేది ఒక్కదాన్నే: పొగగొట్టంలోంచి దిగిన వాన నీళ్ళు.

ఎలాగంటే, హారన్ ఉండేది పైకప్పు మీద. డైనమిక్ బ్రేక్ గ్రిడ్లు (బ్రేకు వేసినప్పుడు మోటర్లు పుట్టించే కరెంటుని వేడిగా మార్చేవి), వాటికెళ్ళే లావుపాటి రాగి కేబుళ్ళు ఉండేదీ ఆ పైకప్పు మూతల కిందే. వాటికోసం ఎక్కినవాడు ఎగ్జాస్ట్ స్టాక్ (పొగగొట్టం) మీద కప్పిన మూతని కాలితో తంతాడు, లేదా అడ్డంగా ఉందని పక్కకి లాగేస్తాడు. అది రేకు ముక్క, వాడికి అక్కర్లేదు. ఆ తర్వాత నాలుగు వానలు పడతాయి. ఎప్పుడో కాపలావాళ్ళు అటు వచ్చి, రేకు కింద పడి ఉండటం చూసి, పాపం మంచికే, తీసి మళ్ళీ పైన పెట్టేస్తారు. మీరు వెళ్ళేసరికి మూత చక్కగా దాని చోట అది ఉంటుంది. ఏమీ పోలేదు కాబట్టి లిస్టులోనూ ఉండదు. "మూత ఉందిగా, నీళ్ళెలా దిగుతాయి?" అని నన్ను ఎంతమంది అడిగారో.

లోపలికి దిగిన నీరు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దాకా చేరిందంటే, ఆగి ఉన్న ఇంజిన్‌లో ఏదో ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వులు తెరుచుకునే ఉంటాయి, అందులోకి వెళ్తుంది. ఈఎండీ (అమెరికన్ లోకో కంపెనీ) లాంటి టూ-స్ట్రోక్ ఇంజిన్లలో కొంత నీరు లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) పోర్టుల్లోంచి, అంటే దాని గోడకున్న గాలి కన్నాల్లోంచి, చుట్టూ ఉండే గాలి గది ఎయిర్‌బాక్స్‌లోకి జారిపోతుంది, ఎయిర్‌బాక్స్ డ్రెయిన్ దగ్గర తుప్పు రంగు నీళ్ళు కనిపిస్తే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆల్కో (ఇంకో అమెరికన్ కంపెనీ) 251 లాంటి ఫోర్-స్ట్రోక్‌కి ఆ దారి కూడా లేదు, పిస్టన్ నెత్తి మీదే నిలబడుతుంది. నెలలు గడిస్తే రింగుల పక్క నుంచి మెల్లగా ఆయిల్‌లోకి దిగుతుంది, అందుకే ఆయిల్ తెల్లబడుతుంది. రింగులు తుప్పుపట్టి లైనర్‌కి అంటుకుపోతే చేత్తో తిప్పినా కదలదు.

ఇంకా నిలిచి ఉన్న నీళ్ళయితే అసలు ప్రమాదం. ఈఎండీ 645లో ఒక్కో సిలిండర్ సుమారు 10.5 లీటర్లు, పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే ఖాళీ లీటరు కన్నా తక్కువ. నీళ్ళు అంతకు మించి ఉంటే అవి గాలిలా నలగవు. స్టార్టర్‌కి బలం చాలక అక్కడే ఆగిపోతే మీ అదృష్టం. మిగతా సిలిండర్లు అంటుకుని తోశాయో, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) వంగుతుంది. కొంచెమే వంగితే ఇంజిన్ నడుస్తుంది కూడా, అందరూ చప్పట్లు కొడతారు, ఆ రాడ్ తర్వాత ఎప్పుడో లోడు మీద ఉండగా విరుగుతుంది.

ఆయిల్‌లో నీళ్ళు కనపడగానే "హెడ్ పగిలింది, లైనర్ సీల్ పోయింది" అంటారు. కూలింగ్ నీళ్ళు నిల్వలో పెట్టేటప్పుడే ఖాళీ చేశారు కదా, మరి ఈ నీళ్ళు ఎక్కడివి? ఖాళీ చెయ్యలేదనుకుంటే రంగు చూడండి, చాలాచోట్ల కూలింగ్ నీళ్ళలో కలిపే మందుకి రంగు ఉంటుంది. వాననీటికి ఉండదు.

చేయాల్సింది ఇదీ. నైఫ్ స్విచ్ తీసేసి, సిలిండర్ టెస్ట్ కాక్‌లన్నీ (సిలిండర్ లోంచి బయటికి తెరుచుకునే చిన్న కుళాయిలు) తెరిచి, ఇంజిన్ని తిప్పే బార్ వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి, నెమ్మదిగా, ఒకరు కాక్‌ల వైపే చూస్తూ. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చెయ్యకండి. నీళ్ళు చిమ్మిన సిలిండర్ నంబరు రాసుకోండి. టూ-స్ట్రోక్ అయితే ఎయిర్‌బాక్స్ మూతలు తీసి లైటు వేసి పోర్టుల్లోంచి లైనర్ గోడలు చూడండి. పట్టేసిన పిస్టన్ల మీద తుప్పు వదిలించే నూనె పోసి ఒకటి రెండు రోజులు వదిలేసి మళ్ళీ ప్రయత్నించండి, అప్పటికీ కదలకపోతే ఆ పవర్ అసెంబ్లీ (పిస్టన్, లైనర్, హెడ్ కలిసిన సెట్) విప్పడమే. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఖాళీ చేసి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చాలి. టర్బో ఉంటే నీళ్ళు ముందు చేరేది అక్కడికే కాబట్టి దాన్నీ వదలొద్దు. ఎవరైనా ఇప్పటికే ఒకసారి బటన్ నొక్కి ఉంటే, వాళ్ళు లేదన్నా సరే, సీసపు తీగతో ప్రతి సిలిండర్‌లో పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు కొలవండి (తీగ లోపల పెట్టి ఇంజిన్ని తిప్పితే, అది నలిగి మిగిలిన మందమే ఆ సందు). ఒక్కదాంట్లో సందు మిగతావాటికన్నా ఎక్కువుంటే రాడ్ వంగినట్టే. ఇవన్నీ అయ్యాక ప్రీ-లూబ్ చేసి (స్టార్ట్‌కి ముందే ఆయిల్‌ని ఇంజిన్ అంతా పట్టించి), అప్పుడు స్టార్ట్.

ఇంకోసారికి: స్టాక్ మూతని తాడుతో కట్టకండి, బోల్టులు వేసి, వాటికి సీల్ వైరు కట్టి, ఆ సీల్ నంబరు రాసుకోండి. సీల్ తెగి ఉంటే మూత ఎంత చక్కగా ఉన్నా లోపల చూడాలి.

ఇంజిన్ నడుస్తోంది, నాచ్ వేయగానే గ్రౌండ్ రిలే పడుతోంది

నాచ్ అంటే థ్రాటిల్ మెట్టు, గ్రౌండ్ రిలే అంటే కరెంటు లోకో బాడీకి తగిలితే పవర్ తెంచేసేది. బోగీ దగ్గర ట్రాక్షన్ మోటర్ (చక్రాలని తిప్పే మోటర్) కేబుళ్ళు కోసి, మిగిలిన మొండాలు ఫ్రేముకి తగులుతూ వేలాడుతుంటాయి. కొత్త కేబుల్ వేశాక కూడా రిలే పడుతుంటే, దొంగలు ఒక కేబుల్‌ని లాగినప్పుడు దాని పక్క కేబుల్ ఇన్సులేషన్ చిరిగి ఉంటుంది, అది బయటికి కనపడదు. ఒక్కో మోటర్‌ని కటౌట్ చేస్తూ (సర్క్యూట్ లోంచి తప్పిస్తూ) చూస్తే ఏ మోటరో తేలుతుంది, తర్వాత ఎలక్ట్రానిక్ కార్డులు విడదీసి మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) పెట్టండి. ఊరికే రీసెట్ కొడుతూ పోవడం, అసలు గ్రౌండ్ రిలేనే కటౌట్ చేసేయడం మాత్రం వద్దు, జనరేటర్ ఫ్లాషోవర్ అయితే (లోపల కరెంటు మెరుపులా దూకి కాలిపోతే) ఇప్పటిదాకా చేసిన ఖర్చు దానిముందు చిల్లర.

మిగతావి

బ్రేకులకి గాలి నిండట్లేదంటే మెయిన్ రిజర్వాయర్ (గాలి నిల్వ ట్యాంకు) డ్రెయిన్ కాక్‌లు చూడండి, ఇత్తడివైతే అక్కడ ఉత్త కన్నమే మిగిలి ఉంటుంది. క్రాంక్‌కేసులో ఇసుక పోయడం అరుదు, సంప్ మూత తీస్తే తెలిసిపోతుంది. అద్దాలు పగలడం, రంగులు పూయడం గురించి రాయను, వాటివల్ల ఏ ఇంజినూ ఆగదు. లోకోని నడపకుండా లాక్కెళ్ళేట్టయితే సస్పెన్షన్ బేరింగుల (ట్రాక్షన్ మోటర్ ఇరుసు మీద ఆనే చోటివి) ఆయిల్ మూతలు ఊడి ఉన్నాయేమో చూసి, లోపలి నీళ్ళు తీసి, కొత్త ఆయిల్ పోశాకే కదపండి, కొద్ది దూరం పోయాక ఆపి, చేత్తో తాకి వేడి చూడండి.