సర్వీసు పిస్టల్ భద్రతపై వాదించే ముందు అడగాల్సిన ప్రశ్నలు

పోలీసుల సర్వీసు పిస్టల్ మంచిదా కాదా అని వాదించే ముందు రెండు విషయాలను విడదీసుకోవాలి. ట్రిగ్గర్ నొక్కనంతవరకు పేలకపోవడం భద్రత. నొక్కిన ప్రతిసారీ పేలడం నమ్మదగినతనం. ఈ రెండూ కలగలిస్తే ఒకరు తూటా ఇరుక్కుపోవడం గురించి, మరొకరు చేజారి పేలడం గురించి మాట్లాడుతూ పోతారు.

పిస్టల్ దానంతటదే పేలిందని ఎవరైనా చెబితే, అప్పుడు వేలు ఎక్కడుందో, పిస్టల్ హోల్‌స్టర్‌లో (నడుముకు కట్టుకునే ఒరలో) ఉందో లేదో, చొక్కా అంచు ట్రిగ్గర్‌కు చిక్కుకుందేమో ముందుగా తెలుసుకోవాలి. గ్లాక్ అనే పిస్టల్‌ను విడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కనుక, మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేసి, ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, మిగిలిన తూటాను చూసుకోకపోతే అది పేలుతుంది. దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. డ్యూటీ ముగించి అలసిపోయిన మనిషి పొరపాటుకు అవకాశమిచ్చే అమరికను కూడా ప్రశ్నించాల్సిందే.

కింద పడేసే పరీక్షలో పిస్టల్ నెగ్గిందన్న మాట విన్నప్పుడు, ఎంత ఎత్తు నుంచి, ఏ కోణంలో పడేశారని అడగండి. ప్రామాణిక పరీక్షల్లో నెగ్గిన సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనుక వైపు ఒక ప్రత్యేక కోణంలో నేలకు తగిలితే పేలగలదని 2017లో బయటపడింది. పడిన ఊపుకు ట్రిగ్గర్ తన బరువుతోనే వెనక్కి కదలడం అందుకు కారణం కాగా, కంపెనీ తేలికైన ట్రిగ్గర్‌తో పాటు మరికొన్ని భాగాలను మార్చి ఇచ్చింది. హోల్‌స్టర్‌లో ఉండగానే పేలిందంటూ ఆ తర్వాత కోర్టులకెక్కిన ఫిర్యాదులు వేరు. పిస్టల్‌లో లోపం లేదని కంపెనీ అంటోంది. పాత లోపాన్ని వీటికి రుజువుగా చూపడం న్యాయం కాదు.

ట్రిగ్గర్ గట్టిదనం మీద చర్చ ఇంకా చిక్కైనది. గ్లాక్ మామూలు ట్రిగ్గర్‌కు సుమారు 5.5 పౌండ్ల బలం చాలగా, న్యూయార్క్ పోలీసు శాఖ చాలా ఏళ్లు 12 పౌండ్ల ట్రిగ్గర్‌నే వాడించింది. గట్టి ట్రిగ్గర్ పొరపాటున నొక్కుకుపోవడాన్ని తగ్గిస్తుంది, కానీ గురి తప్పిస్తుంది. దారి తప్పిన తూటా ఎవరికి తగులుతుందో కూడా భద్రతా ప్రశ్నే.

నమ్మదగినతనాన్ని సాధన తూటాలతో కాక, డ్యూటీలో వాడే తూటాలతోనే తేల్చాలి. పిస్టల్ పేలకుండా ఆగిపోయిన ప్రతిసారీ మ్యాగజైన్ సంఖ్యను, తూటా రకాన్ని, కాల్చినవారి పట్టును రాసిపెట్టాలి, ఎందుకంటే స్ప్రింగ్ బలహీనపడినా, మణికట్టు సడలి స్లైడ్ పూర్తిగా వెనక్కి రాకపోయినా పైకి కనిపించేది ఒకే రకమైన ఆటంకం.