ఇన్‌హేలర్ మందు ఊపిరితిత్తుల దాకా చేరాలంటే

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, పైగా జిగట కఫం. దారి ఇరుకైపోయి పిల్లికూతలు వస్తాయి. బిగుతును వదిలించేది సాల్బుటమాల్ లాంటి మందు. నిమిషాల్లో పనిచేస్తుంది కానీ వాపు జోలికి పోదు. వాపును తగ్గించేది బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. దాని గుణం రోజుల మీద తెలుస్తుంది కాబట్టి, ఆయాసం లేని రోజున కూడా డాక్టరు చెప్పినట్టు పీల్చాలి. చాలామంది మానేసేది సరిగ్గా దీన్నే.

మందు రాసినా గుణం కనిపించకపోతే ముందు చూడాల్సింది పీల్చే తీరు. బాగా పీల్చినా మామూలు పంపు (నొక్కితే మందు తుంపర వచ్చే ఇన్‌హేలర్) నుంచి ఊపిరితిత్తుల్లోకి చేరేది సుమారు 10-20 శాతమే. తీరు తప్పితే ఆ కాస్తా గొంతులోనే ఆగిపోతుంది.

పంపును నాలుగైదు సార్లు గట్టిగా ఊపండి. కొత్తదైనా, వారం రోజులుగా వాడకపోయినా ఒకటి రెండు పఫ్‌లు (ఒక్కో నొక్కుకు వచ్చే మందు ఒక పఫ్) గాలిలోకి కొట్టండి. నిటారుగా కూర్చుని ఊపిరంతా బయటికి వదలండి. పంపు మూతిని పెదవులతో బిగించి, మెల్లగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కండి. 3-5 సెకన్ల పాటు పీలుస్తూనే ఉండి, తర్వాత 10 సెకన్లు ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి కొట్టండి. రెండూ ఒకేసారి నొక్కితే మోతాదు సరిగా రాదు.

నొక్కడం, పీల్చడం ఒక్కసారే కుదరని వాళ్లకు, అంటే పిల్లలకూ పెద్దవయసు వాళ్లకూ చాలామందికి, స్పేసర్ (పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) తప్పనిసరి. అందులోకి ఒక పఫ్ కొట్టి ఐదారు సార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదిలితే చాలు. నెలకోసారి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

క్యాప్సూల్‌లోని పొడి మందును పీల్చే పరికరం రోటాహేలర్‌కు పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. క్యాప్సూల్ పారదర్శకంగా ఉన్న కొన ముందు వెళ్లేలా చదరపు రంధ్రంలోకి నొక్కి, అడుగు భాగాన్ని ఆగేదాకా తిప్పాలి. ఊపిరిని పక్కకు తిరిగి వదలాలి. పరికరంలోకి ఊదితే తేమకు పొడి గడ్డకడుతుంది. తర్వాత బలంగా, వేగంగా, లోతుగా పీల్చాలి, ఎందుకంటే ఆ పొడిని లేపేది మన ఊపిరి జోరే. తెరిచి చూస్తే పొడి మిగిలి ఉందా, మళ్లీ పీల్చండి. ఈ క్యాప్సూల్‌ను మాత్రలా మింగేసేవాళ్లూ ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి మరీ చెప్పండి.

స్టెరాయిడ్ ఉన్నది ఏది పీల్చినా నోరు పుక్కిలించి ఉమ్మేయండి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

పంపును నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనుకోవద్దు. శబ్దాన్నీ నమ్మొద్దు, మందు అయిపోయాక కూడా లోపలి వాయువు వల్ల తుస్సుమంటూనే ఉంటుంది. లెక్క చూసుకోండి: 120 మోతాదుల పంపును ఉదయం రెండు, రాత్రి రెండు పఫ్‌లు వాడితే 30 రోజులు.

ఇన్‌హేలర్ "అలవాటైపోతుంది" అనే భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ఒక పఫ్‌లో స్టెరాయిడ్ తరచుగా 100-200 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరాక మింగాల్సొచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. భయపడాల్సింది దేనికో మీరే చూడండి. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం తీసుకునేవాళ్లు కూడా ఇన్‌హేలర్‌ను పక్కన పెట్టకూడదు.

సాల్బుటమాల్ వారంలో రెండు రోజులకు మించి అవసరమవుతుంటే ఉబ్బసం అదుపులో లేదని అర్థం, డాక్టరును కలవండి. ఒక్కసారిగా ఆయాసం వస్తే కూర్చోబెట్టి స్పేసర్‌తో సాల్బుటమాల్ 4 పఫ్‌లు ఒకటొకటిగా, ఒక్కోదానికి 4 ఊపిరులు. 4 నిమిషాలు చూసి తగ్గకపోతే మరో 4. వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా మొదటి పఫ్‌తోపాటే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా పఫ్‌లు ఆపొద్దు, పడుకోబెట్టొద్దు.